శాంపిల్ సరే, ట్యూబులో ఏం పోయాలి? భారజలం, సీడీసీఎల్3, డీఎంఎస్‌ఓల మధ్య ఎంపిక

"అన్నా, నా కాంపౌండ్ సీడీసీఎల్3ల కరుగుతలేదు. ఇప్పుడేం చెయ్యాలె?"

సీడీసీఎల్3 అంటే ఎన్‌ఎంఆర్ పరీక్షకు శాంపిల్‌ను కరిగించే ద్రవాల్లో (సాల్వెంట్‌లలో) ఒకటి. మార్చి, ఏప్రిల్ వచ్చిందంటే నాకు వచ్చే ఫోన్లలో సగం ఇవే. పాలమూరు, నల్లగొండ వైపు ఎమ్మెస్సీ కెమిస్ట్రీ ప్రాజెక్టు చేసే పిల్లలు కొందరు. జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌లోనో, చౌటుప్పల్ వైపో కొత్తగా ఫార్మా క్యూసీలో (నాణ్యత పరీక్షల విభాగంలో) చేరినవాళ్లు ఇంకొందరు. అందరి చిక్కూ ఒకటే. అణువులో ఏ హైడ్రోజన్, ఏ కార్బన్ ఎక్కడుందో పీకుల రూపంలో చూపే ఎన్‌ఎంఆర్ మెషిన్ పక్క గదిలో ఉండదు. శాంపిల్ హైదరాబాద్ పంపాలి, స్లాట్ దొరకాలి, రిజల్ట్ మెయిల్‌లో రావాలి. తీరా పీడీఎఫ్ తెరిచి చూస్తే కావలసిన పీక్ మీద సాల్వెంట్ పీక్ కూర్చుని ఉంటుంది. వారం పోయినట్టే.

నేను కూడా అట్లా వారాలు పోగొట్టుకున్నవాణ్ణే. అందుకే ఫోన్‌లో ముక్కలు ముక్కలుగా చెప్పేది ఇక్కడ ఒకచోట రాస్తున్నాను. ముఖ్యంగా భారజలం గురించి, అంటే ల్యాబులో మనం డీ2ఓ అని పిలిచే సీసా గురించి. దాన్ని చూసి అనవసరంగా భయపడేవాళ్లూ, అవసరమైన చోట మరిచిపోయేవాళ్లూ ఇద్దరూ ఎక్కువే.

డ్యుటీరియం సాల్వెంట్ ఎందుకసలు

రెండు ముక్కల్లో చెప్పేస్తాను. ప్రోటాన్ ఎన్‌ఎంఆర్‌లో మనం చూసేది హైడ్రోజన్‌లను. మామూలు నీళ్లలో లీటరుకు సుమారు 111 మోల్‌ల హైడ్రోజన్ ఉంటుంది. మన శాంపిల్ దాని ముందు జాతరలో తప్పిపోయిన పిల్లవాడే. అందుకని సాల్వెంట్‌లోని హైడ్రోజన్‌ల స్థానంలో దాని బరువైన అన్న డ్యుటీరియంను పెడతారు. అట్లా మార్చిన నీళ్లే డీ2ఓ, క్లోరోఫాం సీడీసీఎల్3, డీఎంఎస్‌ఓ డీఎంఎస్‌ఓ-డీ6, మెథనాల్ సీడీ3ఓడీ. దాని సిగ్నల్ పూర్తిగా వేరే ఫ్రీక్వెన్సీలో వస్తుంది కాబట్టి మనకు అడ్డు రాదు. పైగా ఆ డ్యుటీరియం సిగ్నల్‌నే పట్టుకుని మెషిన్ తన అయస్కాంత క్షేత్రాన్ని కదలకుండా చూసుకుంటుంది. "లాక్ అయింది" అని ఆపరేటర్ అనేది ఇదే.

ముందు తేల్చుకోవాల్సినవి

మొదటి ప్రశ్న, కరుగుతుందా. ఇది అందరికీ తెలుసు. మామూలు క్లోరోఫాం, మామూలు డీఎంఎస్‌ఓ, డిస్టిల్డ్ వాటర్‌లలో రెండేసి మిల్లీగ్రాములు వేసి చూడండి. ఖరీదైన సీసాలు తెరిచి ప్రయోగాలు చేయకండి. ట్యూబు అడుగున పొడి మిగిలినా, ద్రావణం మసకగా ఉన్నా షిమ్మింగ్ (అయస్కాంత క్షేత్రాన్ని సమంగా సర్దడం) చెడిపోయి పీకులు వెడల్పయిపోతాయి.

రెండో ప్రశ్న చాలామంది అడుక్కోనిది, నా లెక్కలో అన్నిటికంటే ముఖ్యమైనది: ఈ సాల్వెంట్ నా దగ్గర ఏం దాస్తుంది? ప్రతి సాల్వెంట్ ఏదో ఒకటి దాస్తుంది. ఒకటి ఏడు పీపీఎం (స్పెక్ట్రమ్ స్కేలు మీద పీక్ చోటు చెప్పే కొలత) దగ్గర ఓ అరోమాటిక్ పీక్‌ను కప్పేస్తుంది. ఇంకొకటి 3.3 దగ్గర మెథాక్సీని మింగేస్తుంది. భారజలమైతే ఓహెచ్, ఎన్‌హెచ్‌లను, అంటే ఆక్సిజన్‌కు, నైట్రోజన్‌కు అతుక్కున్న హైడ్రోజన్‌లను, కనబడకుండా చేస్తుంది. ఏది దాగినా మీ రుజువు చెడదో ముందు తెలుసుకుంటే ఎంపిక సగం అయిపోయినట్టే.

మూడోది, శాంపిల్ తిరిగి కావాలా? పదిహేను మిల్లీగ్రాములే మిగిలి, దాంతోనే మాస్, ఐఆర్ పరీక్షలు కూడా చేయించాలంటే ఈ ప్రశ్న పెద్దదవుతుంది.

నాలుగోది మన ఊళ్ల ప్రశ్న. ఎండ. పుస్తకాల్లో ఉండదు గానీ, మే నెలలో పాలమూరు నుంచి ఎంజీబీఎస్ దాకా ఆర్టీసీ బస్సులో బ్యాగు ఒళ్లో పెట్టుకుని పోయినవాళ్లకు తెలుసు.

ధరను చివర్లో చూద్దాం. తప్పు సాల్వెంట్ వల్ల రెండోసారి స్లాట్ తీసుకోవాల్సి వస్తే, సీసా దగ్గర మిగిల్చిన డబ్బు అక్కడే పోతుంది.

| | డీ2ఓ | సీడీసీఎల్3 | డీఎంఎస్‌ఓ-డీ6 | సీడీ3ఓడీ |
|---|---|---|---|---|
| మరిగేది (°సె.) | 101.4 | 61 | 189 | 65 |
| గడ్డకట్టేది (°సె.) | 3.8 | మైనస్ 64 | 18–20 | మైనస్ 98 |
| సాంద్రత (గ్రా./మి.లీ.) | 1.11 | 1.50 | 1.19 | 0.89 |
| మిగులు ప్రోటాన్ పీక్ (పీపీఎం) | 4.79 | 7.26 | 2.50 | 3.31 |
| తేమ పీక్ (పీపీఎం) | అదే 4.79 | 1.56 | 3.33 | 4.87 |
| కార్బన్ పీక్ (పీపీఎం) | లేదు | 77.16 | 39.52 | 49.00 |
| ఓహెచ్, ఎన్‌హెచ్ | కనబడవు | కనబడొచ్చు, నమ్మకం లేదు | బాగా కనబడతాయి | కనబడవు |
| శాంపిల్ తిరిగి పొందడం | ఫ్రీజ్ డ్రై (గడ్డకట్టించి ఆరబెట్టడం) చేయాలి | తేలిక | కష్టం | తేలిక |

ఈ పట్టికను ప్రింట్ తీసి ఫ్యూమ్‌హుడ్ అద్దానికి అంటించుకోండి. నా టేబుల్ దగ్గర ఇప్పటికీ ఉంది.

సీడీసీఎల్3: చేతికి అలవాటైన సీసా

కాలేజీల్లో పది శాంపిళ్లలో ఎనిమిది దీంట్లోనే పోతాయి. ధర తక్కువ. మామూలు ఆర్గానిక్ కాంపౌండ్‌లు బాగా కరుగుతాయి. సాల్వెంట్‌ను ఆవిరి చేసే రోటావేపర్ మీద రెండు నిమిషాలు తిప్పితే శాంపిల్ తిరిగి చేతికొస్తుంది. ఎస్టర్లు, కీటోన్లు, రక్షణ గ్రూపులు పెట్టిన మధ్యంతర పదార్థాలు ఉంటే వేరే ఆలోచన అక్కర్లేదు.

దీనికున్న జబ్బు ఆమ్లం. వెలుతురు, గాలి తగిలితే నెమ్మదిగా డీసీఎల్, ఫాస్జీన్ పుడతాయి. అందుకే మంచి సీసాల్లో వెండి రేకు ముక్క వేసి అమ్ముతారు. నా ఎమ్మెస్సీ ప్రాజెక్టులో ఒక ఎసిటాల్ చేశాను. టీఎల్‌సీలో (పలక మీద స్వచ్ఛత చూసే పరీక్షలో) ఒకే చుక్క, చక్కగా ఉంది. స్పెక్ట్రమ్‌లో మాత్రం సగానికి సగం ఆల్డిహైడ్. రియాక్షన్ పూర్తి కాలేదనుకుని మూడుసార్లు చేశాను, మూడుసార్లూ అదే. చివరికి తేలిందేమిటంటే తప్పు నా రియాక్షన్‌ది కాదు, కిటికీ పక్కన రెండు ఎండాకాలాలు చూసిన సీడీసీఎల్3 సీసాది. ట్యూబులో పోసిన తర్వాతే నా ఎసిటాల్ విరిగిపోతోంది. అప్పటినుంచి ఆమ్లానికి ఓర్వని కాంపౌండ్ ఏదైనా సరే, పాశ్చర్ పిపెట్‌లో కొంచెం బేసిక్ అల్యూమినా వేసి, సాల్వెంట్‌ను దాని గుండా దించి వాడతాను.

ఓహెచ్, ఎన్‌హెచ్ పీకులు దీంట్లో కనబడతాయి గానీ మాట మీద నిలబడవు. గాఢత మారితే చోటు మారుతుంది. ఒకసారి వెడల్పుగా, ఇంకోసారి సన్నగా. ఆ పీక్ నిజంగా ఓహెచ్‌దేనా అని అనుమానం వచ్చినప్పుడే భారజలం రంగంలోకి దిగుతుంది. దాని సంగతి కిందకు వచ్చాక.

డీఎంఎస్‌ఓ-డీ6: అన్నీ కరిగిస్తుంది, ఏదీ వదలదు

ఫార్మా వైపు ఉన్నవాళ్లకు ఇదే అన్నం లాంటిది. మందు అణువుల్లో అమైడ్లు, యూరియాలు, హెటిరోసైకిల్స్ నిండి ఉంటాయి. క్లోరోఫాంలో అవి కరగవు. డీఎంఎస్‌ఓలో కరుగుతాయి, పైగా ఓహెచ్, ఎన్‌హెచ్‌లు విడివిడిగా కూర్చుని కనబడతాయి. పారాసెటమాల్ తీసుకోండి. డీఎంఎస్‌ఓలో ఎన్‌హెచ్ 9.65 దగ్గర, ఓహెచ్ 9.14 దగ్గర, అరోమాటిక్ జతలు 7.34, 6.68 దగ్గర, మిథైల్ 1.98 దగ్గర వస్తాయి. అణువు మొత్తం ఒక్క కాగితం మీద చదువుకోవచ్చు. అదే గోలీ పొడి సీడీ3ఓడీలో వేస్తే ఎన్‌హెచ్, ఓహెచ్ రెండూ గల్లంతు.

ఇక దాని బాధలు. 3.33 దగ్గర నీటి పీక్ ఎప్పుడూ ఉంటుంది. డీఎంఎస్‌ఓ గాలిలో తేమను పీల్చుకుంటుంది, వానాకాలంలో మరీ. మీ అణువులో ఆ చోటే ఒక మెథాక్సీయో, ఎన్‌–సీహెచ్2నో ఉంటే తలనొప్పి. చిన్న చిట్కా ఉంది. ఒక చుక్క డీ2ఓ వేస్తే నీటి పీక్ అక్కడి నుంచి పక్కకు జరుగుతుంది, దాని కింద దాక్కున్నది బయటపడుతుంది. అయితే ఆ చుక్కతో ఎన్‌హెచ్‌లు పోతాయి కాబట్టి ముందు చుక్క లేకుండా ఒకసారి రన్ చేయించండి.

డిసెంబరులో సీసా గడ్డకడితే కంగారు పడకండి, 20 డిగ్రీల లోపే అది గడ్డ. చేతుల మధ్య పెట్టుకుంటే కరుగుతుంది. కంగారు పడాల్సింది శాంపిల్ తిరిగి తీసుకోవాలన్నప్పుడే. 189 డిగ్రీల దగ్గర మరిగేదాన్ని రోటావేపర్ మీద తిప్పుకుంటూ కూర్చోలేం. నీళ్లు పోసి, ఇథైల్ ఎసిటేట్‌తో లాగి, మళ్లీ నీళ్లతో కడగాలి. ఉన్నదే ఐదు మిల్లీగ్రాములైతే దాని మీద ఆశ వదులుకుని డీఎంఎస్‌ఓలో వేయండి, లేదా వేయకండి.

భారజలం: దాచడమే దాని పని

మా అమ్మకు ఒకసారి డీ2ఓ గురించి చెప్పబోయాను. "భారజలం అంటే బరువు నీళ్లమ్మా" అన్నాను. "మన బోరు నీళ్లు గూడ బరువే గదా బిడ్డా, పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు" అంది. అది కఠిన జలం. కాల్షియం, మెగ్నీషియం లవణాల వల్ల వచ్చిన గట్టితనం. భారజలంలో లవణాలేం ఉండవు. అణువే బరువు. మామూలు నీటి అణువు భారం 18 అయితే దీనిది 20. మన బోర్లలోని నీళ్లలోనూ, కృష్ణా నీళ్లలోనూ, తాగే గ్లాసులోనూ డ్యుటీరియం ఉంది. దాదాపు ప్రతి 6,400 హైడ్రోజన్‌లలో ఒకటి. దాన్ని ఒక్క చుక్కా వదలకుండా పిండగలిగినా కిలో భారజలానికి ఆరు టన్నుల నీళ్లు కావాలి. మన వీధిలోకి వచ్చే ఐదు వేల లీటర్ల ట్యాంకరు ఒకటి చాలదు. నిజానికి అంతా పిండలేరు కాబట్టి అంతకు ఎన్నో రెట్లు వాడతారు.

మన రాష్ట్రంలోనే, మణుగూరు దగ్గర గోదావరి నీళ్లతో ఆ పని జరుగుతోంది. 1991లో మొదలైన ఆ ప్లాంటు సామర్థ్యం ఏడాదికి 185 టన్నులు. హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువును నీళ్లతో కలిపి చల్లటి టవర్లో ఒకలా, వేడి టవర్లో ఇంకోలా నడిపిస్తే డ్యుటీరియం మెల్లగా నీటివైపు పోగవుతుంది. చివర్లో స్వేదనం చేసి స్వచ్ఛత పెంచుతారు. ప్రధానంగా అది అణు రియాక్టర్ల కోసం. అక్కడ న్యూట్రాన్‌ల వేగం తగ్గించడానికి, వేడి మోసుకుపోవడానికి దాన్ని వాడతారు. మన ట్యూబులోకి వచ్చేది దాని చిన్న తోబుట్టువు.

ఇప్పుడు అసలు విషయం. భారజలంలో ఏం వేయాలి? నీళ్లంటే ఇష్టపడేవన్నీ. చక్కెరలు, అమైనో ఆమ్లాలు, న్యూక్లియోటైడ్లు, హైడ్రోక్లోరైడ్ ఉప్పులుగా ఉన్న మందులు. మెట్‌ఫార్మిన్ హైడ్రోక్లోరైడ్‌ను భారజలంలో వేస్తే దాదాపు ఒకే సన్నటి పీక్ నిలబడుతుంది, రెండు ఎన్–మిథైల్ గ్రూపులది. ఎన్‌హెచ్‌లన్నీ క్షణంలో డ్యుటీరియంతో మారిపోయి మాయమవుతాయి. గుర్తింపుకు అది చాలు. ఎన్‌హెచ్‌లు ఎన్ని ఉన్నాయో లెక్క చూపాలంటే మాత్రం చాలదు, డీఎంఎస్‌ఓకు పోవాలి.

కార్బన్ స్పెక్ట్రమ్‌కు దీనంత తెల్లకాగితం లేదు. అణువులో కార్బనే లేదు కాబట్టి సాల్వెంట్ పీక్ ఉండదు. కానీ దానివల్ల ఇంకో చిక్కు. స్కేలు సరిచూసుకోవడానికి ఏదీ ఉండదు. మామూలుగా స్కేలు సున్నా పెట్టుకోవడానికి వేసే టీఎంఎస్ నీళ్లలో కరగదు. ప్రోటాన్‌కు దాని బదులు నీళ్లలో కరిగే డీఎస్‌ఎస్ గానీ టీఎస్‌పీ గానీ వేయండి. కార్బన్‌కు ఒక చుక్క మెథనాల్ వేస్తే దాని పీక్ 49.50 దగ్గర వస్తుంది, దాన్ని పట్టుకుని మిగతావి లెక్కేసుకోవచ్చు. ఇది మరిచిపోయి పంపించి, తర్వాత "సార్, పీకులన్నీ అరపాయింటు జరిగినయ్" అని గైడ్ ముందు నిలబడ్డవాళ్లను చూశాను.

4.79 దగ్గర హెచ్‌ఓడీ (ఒక హైడ్రోజన్, ఒక డ్యుటీరియం ఉన్న నీటి అణువు) పీక్ ఉంటుంది. గ్లూకోజ్ వంటి చక్కెరలకు ఇదే అసలు తలనొప్పి. ఆల్ఫా రూపంలో హెచ్–1 (మొదటి కార్బన్ మీది హైడ్రోజన్) 5.22 దగ్గర సురక్షితంగా కూర్చుంటుంది, బీటాది 4.63 దగ్గర నీటి పీక్‌కు ఆనుకుని ఉంటుంది. ఊరట ఏమిటంటే ఈ నీటి పీక్ వేడితో జరుగుతుంది. డిగ్రీకి సుమారు వందో వంతు పీపీఎం. 40 డిగ్రీల దగ్గర రన్ చేయిస్తే సరిగ్గా బీటా మీదే వచ్చి పడుతుంది, అది వద్దు. 60 డిగ్రీలకు పెంచితే 4.4 దాకా జారిపోయి మన పీక్ బయటపడుతుంది. ఆపరేటర్‌కు ఫారమ్‌లో రాసి పంపండి, అడిగితే చేస్తారు. లేదా ఆ పీక్‌నే అణచివేసే ప్రీశాచురేషన్ అనే పద్ధతి ఉంది. దాంతో పక్కనున్న మన పీక్ కూడా కొంత తగ్గుతుంది కనుక లెక్కలు కట్టేటప్పుడు జాగ్రత్త.

మూడు చిన్న సంగతులు. పీహెచ్ మీటర్ భారజలంలో చూపే అంకెకు 0.4 కలిపితే అసలు పీడీ (భారజలానికి పీహెచ్ లాంటిది) వస్తుంది. భారజలం మామూలు నీళ్లకంటే దాదాపు పావు వంతు చిక్కన, అందుకే పీకులు కాస్త వెడల్పుగా అనిపిస్తాయి. ఇక క్షారం ఉన్న భారజలంలో కీటోన్ పక్కనున్న సీ–హెచ్‌లు కూడా మారిపోతాయి. పొద్దున చూసిన పీక్ సాయంత్రానికి సగమైతే మెషిన్‌ను తిట్టకండి. ఈ గుణాన్నే కావాలని వాడుకుని డ్యుటీరియం ఉన్న ఇంటర్నల్ స్టాండర్డ్‌లు (కొలతలో పోలిక కోసం కలిపేవి) చేస్తారు. ఎల్‌సీ–ఎంఎస్ (పదార్థాలను విడదీసి అణుభారంతో గుర్తించే పద్ధతి) వైపు పనిచేసేవాళ్లకు డీ3, డీ6 అని రాసి ఉన్న చిన్న వయల్స్ తెలిసే ఉంటాయి. హైడ్రోజన్ బదులు డ్యుటీరియం పెట్టిన మందు కూడా ఒకటి, డ్యుటెట్రాబెనజీన్, 2017లో అమెరికాలో అనుమతి పొందింది. శరీరం దాన్ని నెమ్మదిగా విరగ్గొడుతుంది.

ప్రోటీన్ల పని చేసేవాళ్లకు మాత్రం పూర్తి భారజలం పనికిరాదు. వాళ్లకు అమైడ్ ఎన్‌హెచ్‌లే కళ్లు. అందుకని 90 శాతం మామూలు నీళ్లు, 10 శాతం డీ2ఓ కలుపుతారు. ఆ పది శాతం లాక్ కోసమే.

ఒక్క చుక్క వాడకం

నన్నడిగితే ప్రతి కాలేజీ ల్యాబులో డీ2ఓ చిన్న సీసా ఒకటి ఉండాలి, ఎవరూ చక్కెరల మీద పని చేయకపోయినా. దానికి కారణం "డీ2ఓ షేక్". సీడీసీఎల్3లో రన్ చేసిన ట్యూబులోనే ఒకటి రెండు చుక్కల భారజలం వేసి, మూత బిగించి గట్టిగా కుదిపి, మళ్లీ రన్ చేయించాలి. ఓహెచ్, ఎన్‌హెచ్ పీకులు మాయమవుతాయి. ఏది పోయిందో అదే మీ ఓహెచ్. వైవాలో ఎక్స్‌టర్నల్ "ఇది ఓహెచ్ అని ఎట్లా చెప్పావ్?" అని అడిగితే ఈ రెండు కాగితాలు పక్కపక్కన పెట్టడం కంటే మంచి జవాబు లేదు. అమైడ్ ఎన్‌హెచ్‌లు కొన్ని మొండివి, గంటలు పట్టొచ్చు. వెంటనే పోలేదని ఎన్‌హెచ్ కాదని రాసేయకండి.

కుదిపాక భారజలం పైకి తేలుతుంది. పేరుకు భారజలమే గానీ సాంద్రత 1.11, క్లోరోఫాంది 1.50. మెషిన్ కాయిల్ చూసేది ట్యూబు కింది భాగాన్ని కాబట్టి పైన తేలినది పెద్దగా అడ్డు రాదు. ఎక్కువ పోస్తేనే ఇబ్బంది.

భయం సంగతి

అన్నా, గిది రేడియోయాక్టివ్ కాదా అని అడగని జూనియర్ నాకింకా కనబడలేదు. వాళ్ల తప్పు లేదు. లంబాపూర్–పెద్దగట్టు యురేనియం గనుల మాట వింటూ పెరిగిన పిల్లలు నల్లగొండలో, 2019లో నల్లమల యురేనియం గొడవ చూసినవాళ్లు అమ్రాబాద్ వైపు. అణు అన్న మాట పక్కన నిలబడ్డ ఏ సీసా అయినా అనుమానంగానే కనబడుతుంది. మా ల్యాబులో అటెండర్ ఒకాయన డీ2ఓ సీసా ఉన్న షెల్ఫ్ తుడిచేవాడే కాదు.

డ్యుటీరియం రేడియోధార్మికం కాదు, స్థిరమైన ఐసోటోపు. రేడియోధార్మికమైనది దానికంటే బరువైన ఇంకో అన్న ట్రిటియం. రియాక్టర్లో తిరిగిన భారజలంలో ట్రిటియం పుడుతుంది కాబట్టి అక్కడివాళ్ల జాగ్రత్తలు వేరు. సీసాలో కొన్న కొత్త డీ2ఓకు ఆ బెడద లేదు. తాగితే? జంతువుల మీద చేసిన ప్రయోగాల్లో ఒంట్లోని నీటిలో పావు వంతు భారజలం అయ్యేసరికి సంతానం కలగకపోవడం, సగం దాకా వెళ్తే చావు చూశారు. అరవై కిలోల మనిషి ఒంట్లో సుమారు 35 లీటర్ల నీళ్లుంటాయి, దాంట్లో పావు అంటే తొమ్మిది లీటర్లకు దగ్గర. మన సీసా పది గ్రాములు. రుచి కొంచెం తియ్యగా ఉంటుందని, నాలుక మీది తీపి గ్రాహకమే దాన్ని పట్టుకుంటుందని 2021లో తేల్చారు. అయినా ల్యాబులో ఏదీ నోట్లో పెట్టుకోకూడదన్న నియమం దీనికీ వర్తిస్తుంది, సీసాలో ఇంకెవరు ఏ పిపెట్ ముంచారో మనకు తెలీదు.

ఆ షెల్ఫ్ మీద నిజంగా జాగ్రత్త పడాల్సినవి దాని పక్కన ఉన్నవే. సీడీసీఎల్3 ఆవిరి కాలేయానికి మంచిది కాదు, క్యాన్సర్ అనుమానం ఉంది, పాత సీసాలో ఫాస్జీన్ ఉండొచ్చు, ఫ్యూమ్‌హుడ్‌లోనే తెరవాలి. డీఎంఎస్‌ఓ చర్మం గుండా లోపలికి పోతుంది, పోతూ అందులో కరిగినదాన్ని కూడా తీసుకుపోతుంది. మీరు చేసిన కొత్త కాంపౌండ్ ఒంట్లో ఏం చేస్తుందో ఎవరికీ తెలీదు గనక గ్లౌజులు మరవొద్దు. సీడీ3ఓడీ విషమే, మంట కూడా అంటుకుంటుంది. ఆ అటెండరన్న రోజూ చేత్తో తుడిచింది సీడీసీఎల్3 సీసాలను.

సీడీ3ఓడీ

దీని మీద ఎక్కువ చెప్పను. నీళ్లలోనూ క్లోరోఫాంలోనూ సరిగా కరగని మధ్యరకం అణువులకు, మొక్కల నుంచి తీసిన ఫ్లేవనాయిడ్లు, గ్లైకోసైడ్లకు బాగుంటుంది. శాంపిల్ తేలిగ్గా తిరిగొస్తుంది. ధర ఎక్కువ, ఓహెచ్‌లు కనబడవు. నల్లమల మొక్కల మీద ప్రాజెక్టు చేసేవాళ్లు ఒక చిన్న సీసా పెట్టుకుంటే చాలు.

ఎవరికి ఏది

సింథసిస్ ప్రాజెక్టు చేసే ఎమ్మెస్సీ విద్యార్థికి సీడీసీఎల్3 ఒకటి, పక్కన షేక్ కోసం డీ2ఓ చిన్న సీసా ఒకటి. ఈ రెండూ ఉంటే తొంభై శాతం పని గడుస్తుంది. చివరి కాంపౌండ్‌లో అమైడ్ ఉంటే దానొక్కదానికి డీఎంఎస్‌ఓ.

ఫార్మా క్యూసీలో చేరినవాళ్లు స్పెసిఫికేషన్‌లో ఏ సాల్వెంట్ రాసి ఉంటే అదే వాడండి. మీ తెలివి అక్కడ చూపించొద్దు. కొత్త పద్ధతి రాసే అవకాశం వస్తే మాత్రం ఉప్పు రూపంలో ఉన్న మందుకు డీ2ఓ ఒకసారి ప్రయత్నించి చూడండి. స్పెక్ట్రమ్ చాలాసార్లు ఊహించినదానికంటే శుభ్రంగా వస్తుంది.

చక్కెరలు, పెప్టైడ్లు, బయోకెమిస్ట్రీ వైపు పోయేవాళ్లకు డీ2ఓనే దారి. తిరిగి పొందాలంటే ఫ్రీజ్ డ్రైయర్ ఎక్కడుందో ముందే కనుక్కోండి. రోటావేపర్ మీద వేడి పెట్టి ఇంకించబోతే పెప్టైడ్ పాడవుతుంది.

కొనడం, దాచడం, మోయడం

ఈ సాల్వెంట్‌లను ఎక్కువగా గ్రాముల్లో అమ్ముతారు, మనం వాడేది మిల్లీలీటర్లలో. ట్యూబుకు 0.6 మి.లీ. లెక్కన 10 గ్రాముల డీ2ఓ 15 ట్యూబులకు వస్తుంది. అదే 10 గ్రాముల సీడీసీఎల్3, సాంద్రత ఎక్కువ కాబట్టి, 11 ట్యూబులకే. గ్రాము ధర చూసి పోల్చేవాళ్లు ఇక్కడే మోసపోతారు. ట్యూబుకెంత పడుతుందో చూడండి. ఆ లెక్కలో సీడీసీఎల్3 ఇప్పటికీ చౌకే, తేడా మాత్రం అనుకున్నంత ఉండదు.

డీ2ఓ చెడిపోదు గానీ పలచబడుతుంది. మూత తీసి ఉంచితే గాలిలోని మామూలు తేమ దాంట్లోకి దూరి 4.79 పీక్ పెరుగుతూ పోతుంది. జులైలో మూత తీసి టీకి పోవద్దు. నెలకు రెండు మూడు శాంపిళ్లే ఉంటే సీసా బదులు ఒక్కో ట్యూబుకు సరిపడే సీలు చేసిన ఆంప్యూల్స్ కొనుక్కోవడమే మేలు.

ట్యూబులను బోరు నీళ్లతో కడిగి ఆరబెట్టకండి. తెల్లటి పొర మిగులుతుంది, ఇనుము ఉన్న నీళ్లయితే పీకులు వెడల్పవుతాయి. డిస్టిల్డ్ వాటర్, ఆ తర్వాత ఎసిటోన్. ఎసిటోన్ పూర్తిగా ఆరనివ్వండి, లేకపోతే డీ2ఓలో 2.22 దగ్గర ఒక అనవసరపు అతిథి నిలబడి, మీ మిథైల్ గ్రూపు నేనే అంటుంది.

ఇక బస్సు. ద్రావణం చేసి మోసుకుపోకండి. పొడిని చిన్న వయల్‌లో వేసి పేరు రాసి తీసుకెళ్లండి, అక్కడే కరిగించండి. 43 డిగ్రీల ఎండలో, కిటికీ పక్క సీటులో, 61 డిగ్రీలకు మరిగే సీడీసీఎల్3 ప్లాస్టిక్ మూత సందుల్లోంచి ఆవిరైపోయి హైదరాబాద్ చేరేసరికి ట్యూబు సగమవుతుంది. తప్పనిసరై ద్రావణమే తీసుకెళ్లాల్సి వస్తే మూత చుట్టూ పారాఫిల్మ్ చుట్టి, నిలువుగా నిలబెట్టండి. ఆ ప్రయాణాన్ని హాయిగా తట్టుకునేవి డీ2ఓ, డీఎంఎస్‌ఓలే.

నల్లగొండ నుంచి ఏటా ఎవరో ఒకరు అడిగే ప్రశ్న ఇంకొకటి ఉంది. "అన్నా, మా ఊరి బోరు నీళ్లల్ల ఫ్లోరైడ్‌ను ఎన్‌ఎంఆర్‌తోని చూడొచ్చా, డీ2ఓ కలిపి?" ఫ్లోరిన్–19 ఎన్‌ఎంఆర్ ఉంది, సూత్రప్రాయంగా చూడొచ్చు. కానీ ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే నీళ్లు లేకపోతే 1.5 దాకా. ఆ స్థాయిలో కొలవడానికి గంటల తరబడి స్కాన్‌లు వేయించి స్లాట్ డబ్బులు కట్టే కంటే ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్, దానితో కొలిచే ముందు నీళ్లలో కలిపే టిసాబ్ బఫర్ ఉన్న ల్యాబు వెతుక్కోండి. 50 మి.లీ. బోరు నీళ్లను గాజు సీసాలో కాకుండా ప్లాస్టిక్ సీసాలో పట్టుకుపోతే అరగంటలో అంకె చేతికొస్తుంది. డీ2ఓ సీసా మూత తీయాల్సిన పనే లేదు.